షాపుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనే ముందు పది తలనొప్పి బిల్లులు తీసి పక్కన పెట్టుకోండి

కిరాణా, ఫ్యాన్సీ, మందుల షాపు, బట్టల కొట్టు ఏదైనా సరే, కంప్యూటర్ బిల్లు పెడదాం అనుకోగానే మనలో చాలామంది చేసే మొదటి పని పక్క షాపు ఆయన్ని అడగడం. "ఏం వాడుతున్నావు బావా, బానే ఉందా?" అంటే ఆయన "ఆ, బానే ఉంది" అంటాడు, అంతే, సాయంత్రానికి అదే కొనేస్తాం. ఆయనది చెప్పుల కొట్టు. ఆయనకి సైజులు కావాలి, మనకి కిలోలు గ్రాములు కావాలి. ఆయనకి బానే ఉన్నది మనకి బాగుండాలని ఏముంది చెప్పండి?

నేను ఊళ్ళో నాలుగైదు చిన్న షాపులకి లెక్కలు రాస్తుంటా. మా బాబాయి కిరాణా కొట్టుకి కూడా నేనే. అక్కడ సాఫ్ట్‌వేర్ రెండోసారి కొన్నాం, మొదటిది తప్పు కొన్నాం అని అర్థమవడానికి మాకు నాలుగేళ్ళు పట్టింది, ఆ గోల కింద చెప్తా. కంపెనీ పేరు చెప్పి ఇదే కొనండి అని మాత్రం చెప్పను, అలా చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. ఏది మీ కౌంటర్‌కి పనికొస్తుందో మీరే తేల్చుకునే పద్ధతి చెప్తా.

ఇంకో మాట ముందే. రోజుకి ఇరవై ముప్పై బిల్లులు, అరువు ఖాతాలు ఓ పదిహేను, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు, ఇదీ మీ పరిస్థితి అయితే మీకు సాఫ్ట్‌వేరే అక్కర్లేదు. నోటు పుస్తకం, బిల్లు బుక్కు చాలు. ఇంట్లో పిల్లలెవరికైనా ఎక్సెల్ వస్తే నెలకోసారి అందులో కొట్టించుకోండి, లేదా లిబ్రే ఆఫీస్ అని ఉచితంగా దొరుకుతుంది, అదైనా సరిపోతుంది. అవసరం లేనిది కొని దాని కోసం ఒక కుర్రాడికి జీతం ఇవ్వడం నేను చూశా.

మొదటి పని: రెండు మూడు రోజులు కౌంటర్ దగ్గర కూర్చోండి

మీరు రోజూ కూర్చునేదేగా అంటారు. ఈసారి చేతిలో చిన్న పుస్తకం పెట్టుకుని కూర్చోండి. మామూలు బిల్లులు వదిలెయ్యండి, ఒక సబ్బు ఒక బిస్కెట్ ప్యాకెట్ బిల్లు ఏ సాఫ్ట్‌వేర్ అయినా కొడుతుంది. మిమ్మల్ని ఆపేసిన బిల్లు, గుమాస్తా "అన్నా ఇదెలా" అని అడిగిన బిల్లు, క్యూ ఆగిపోయిన బిల్లు, అలాంటివి రాసుకోండి. రెండు మూడు రోజుల్లో పది వస్తాయి. మా బాబాయి కొట్టులో మేము రాసుకున్నవి ఇవీ:

బియ్యం బస్తాల్లో కొంటాం, కొంతమందికి బస్తాగా, కొంతమందికి కిలోల్లో అమ్ముతాం. ఇక్కడ 26 కేజీల బస్తా ఒక తమాషా, 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కేజీల దాకా అయితే 5 శాతం జీఎస్టీ వచ్చింది కదా, దాంతో మిల్లుల వాళ్ళు ఒక కేజీ ఎక్కువేసి 26 చేసేశారు. సాఫ్ట్‌వేర్‌కి బస్తా అంటే 25 అని ఒకసారి చెప్పేస్తే స్టాకు లెక్క ఎప్పటికీ తేలదు, కాబట్టి ఒక్కో సరుకుకి బస్తా ఎన్ని కేజీలో విడిగా పెట్టుకునే వీలుండాలి.

రెండోది, ఒకే బార్‌కోడ్, రెండు ఎమ్మార్పీలు. పాత స్టాకు ఒక రేటు, కొత్త స్టాకు ఇంకో రేటు, బార్‌కోడ్ మాత్రం అదే. స్కాన్ చెయ్యగానే "ఏ ఎమ్మార్పీ?" అని అడగాలి, అడక్కుండా తనకి తోచిన రేటు వేసేసిందా, కస్టమర్‌తో గొడవ మీదే. బయట దేశాల వాళ్ళ కోసం చేసిన చాలా సాఫ్ట్‌వేర్లు ఇక్కడే బోల్తా కొడతాయి, వాళ్ళకి ఈ ఎమ్మార్పీ బాధ తెలీదు.

ఇంకా, సగం క్యాష్ సగం ఫోన్‌పే ఇచ్చేవాళ్ళు. పాత బాకీలో కొంత కట్టి కొత్తగా అరువు పెట్టేవాళ్ళు. బిల్లు సగం అయ్యాక "ఉండు బాబూ, పెరుగు ప్యాకెట్ మర్చిపోయా" అని లోపలికి వెళ్ళే పెద్దావిడ, ఆవిడ బిల్లు అలా ఆపి పెట్టి వెనకాయనకి కొట్టాలి. నిన్న తీసుకెళ్ళిన రెండు నూనె డబ్బాల్లో ఒకటి తిరిగి తెచ్చేవాళ్ళు. పెళ్ళి సరుకుల చీటీ, ఎనభై ఐటమ్స్, ముందు ఎస్టిమేట్ కావాలంటారు, తర్వాత పది తీసేసి ఐదు కలుపుతారు, అప్పుడు బిల్లు. హోటలాయన వచ్చి తన జీఎస్టీ నంబరు వేసి బిల్లు కావాలంటాడు. చింతపండు, ఎండుమిర్చి, బెల్లం లాంటి బార్‌కోడ్ లేని లూజు సరుకు. నాలుగు కొంటే ఒకటి ఫ్రీ. చిల్లర రేటు, హోల్‌సేల్ రేటు వేరువేరుగా.

మీవి వేరే ఉంటాయి. హార్డ్‌వేర్ షాపైతే పైపులు అడుగుల్లో, మేకులు కేజీల్లో, వైరు కట్టల్లో. బట్టల కొట్టైతే ఒకే డిజైన్‌లో ఆరు రంగులు ఐదు సైజులు, అంటే ముప్పై ఐటమ్స్. మందుల షాపుకి బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ లేకుండా అడుగు పడదు, స్ట్రిప్పులో పది ఉంటే నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చే లెక్క కావాలి, డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్1 మందులకి విడిగా రిజిస్టర్ మూడేళ్ళు దాచాలి, అది సాఫ్ట్‌వేరే తీసిస్తే మీకు రాత్రిళ్ళు నిద్ర. అందుకే మందుల షాపు వాళ్ళకి మామూలు కిరాణా సాఫ్ట్‌వేర్ అంటగడితే వద్దనే చెప్తా, మందుల షాపుల కోసం వచ్చే మార్గ్ లాంటివి ఆ లైన్‌లో ఎక్కువ కనపడేది ఊరికే కాదు.

ఈ పది బిల్లుల కాగితం జాగ్రత్తగా ఉంచండి. డెమోకి వచ్చినోడి ముందు ఇదే మీ చేతిలో ఉండాలి.

రెండోది: జీఎస్టీలో మీరు ఎక్కడున్నారో చూసుకోండి

ఇది తెలీకుండా సాఫ్ట్‌వేర్ చూడ్డం దండగ. సరుకులు మాత్రమే అమ్మేవాళ్ళకి ఆంధ్రాలో ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్, తెలంగాణలో మాత్రం 20 లక్షలకే. (వేరే రాష్ట్రానికి అమ్మితే లెక్క వేరు, అది మీ ఆడిటర్ గారిని అడగండి.) హైదరాబాద్ నుంచి చేసిన వీడియో చూసి విజయవాడలో కంగారు పడేవాళ్ళు, అక్కడ 40 కదా అని ఖమ్మంలో ధీమాగా కూర్చునేవాళ్ళు, ఇద్దరూ ఉన్నారు.

కాంపోజిషన్‌లో ఉంటే, అంటే టర్నోవర్ కోటిన్నర లోపు ఉండి ఒక శాతం మీరే కట్టే స్కీము, కస్టమర్ దగ్గర ట్యాక్స్ వసూలు చెయ్యకూడదు, బిల్లు మీద ట్యాక్స్ ఇన్‌వాయిస్ అని ఉండకూడదు, బిల్ ఆఫ్ సప్లై అని ఉండాలి, పైన మీరు కాంపోజిషన్ డీలర్, ట్యాక్స్ వసూలు చెయ్యడానికి అర్హత లేదు అనే లైను పడాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఈ సెట్టింగ్ అసలు ఉండదు, ఉన్నా ఎక్కడో లోపల దాక్కుని ఉంటుంది. డెమోలో అడిగి ప్రింట్ తీయించండి.

కాంపోజిషన్ కాకుండా మామూలు జీఎస్టీలో ఉన్న రెగ్యులర్ వాళ్ళయితే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, అంటే సరుకు ఏ రకమో చెప్పే నంబరు, కావాలి, టర్నోవర్ 5 కోట్ల లోపు నాలుగంకెలు, దాటితే ఆరంకెలు. 5 కోట్లు దాటినవాళ్ళకి 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ కూడా, అంటే వ్యాపారస్తులకి ఇచ్చే బిల్లు ప్రభుత్వం పోర్టల్‌కి వెళ్ళి నంబరు, క్యూఆర్ కోడ్ తెచ్చుకోవాలి. మీది కోటి రూపాయల షాపైతే ఈ-ఇన్‌వాయిస్ ఉందని చెప్పి ఎక్కువ రేటు ప్లాన్ అంటగడితే తీసుకోకండి, కానీ తర్వాత కావాలంటే అదే సాఫ్ట్‌వేర్‌లో పెంచుకోవచ్చా అని మాత్రం అడిగి ఉంచండి. బిల్లు నంబరు కూడా, 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ రాకూడదు, వరసలో ఉండాలి. కౌంటర్లు రెండుంటే రెండు సిరీస్‌లు పెట్టుకునే వీలుందా చూడండి.

ఇక్కడ అందరూ మర్చిపోయే పరీక్ష ఒకటి ఉంది. 2025 సెప్టెంబర్ 22, సోమవారం, శరన్నవరాత్రులు మొదలైన రోజు గుర్తుందా? ఆ రోజు నుంచి 12, 28 శ్లాబులు దాదాపుగా ఎత్తేసి 5, 18 చేశారు. ఒంటి సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్, తలనూనె 18 నుంచి 5కి, నెయ్యి, వెన్న 12 నుంచి 5కి, సిమెంటు 28 నుంచి 18కి వచ్చాయి. ఆ పొద్దున్న మా ఊళ్ళో కొన్ని షాపుల్లో ఐటమ్స్ ఒక్కోటి తెరిచి ఒక్కోటి మార్చుకుంటూ మధ్యాహ్నం దాకా కూర్చున్నారు, వెయ్యి ఐటమ్స్ ఉంటే మరి అంతేగా. ఇంకొందరికి రేటు మార్చగానే పాత బిల్లులు తీస్తే అవి కూడా కొత్త రేటుతో కనపడటం మొదలైంది, అది ఇంకా పెద్ద తలనొప్పి.

కాబట్టి డెమోలో ఇలా అడగండి: "ఈ ఇరవై ఐటమ్స్ ట్యాక్స్ రేటు ఒకేసారి మార్చి చూపించు, ఫలానా తారీఖు నుంచి అని పెట్టు, ఇప్పుడు దానికి ముందు బిల్లు మళ్ళీ ప్రింట్ తియ్యి." పాత బిల్లు పాత రేటుతోనే రావాలి. ఆ పాత బిల్లు మీద సరుకు వాపసు తీసుకుంటే అది కూడా పాత రేటుకే పడాలి. ఈ ఒక్క పరీక్షలో సగం పోతాయి. రేట్లు మళ్ళీ మారవని ఎవరూ హామీ ఇవ్వలేరు కదా.

మూడోది: ఆడిటర్ గారికి ఒక ఫోన్ కొట్టండి

చాలామంది కొనేశాక చెప్తారు. మీరు కొనకముందే అడగండి, "సార్, నేను ఏ ఫార్మాట్‌లో పంపిస్తే మీ వాళ్ళు మళ్ళీ టైపు చెయ్యక్కర్లేదు?" మన దగ్గర ఆడిటర్ ఆఫీసుల్లో ట్యాలీ ఎక్కువ, ఆ కంపెనీ 1986 నుంచి ఉంది, అకౌంట్స్ చదివిన పిల్లలకి అదే వచ్చు. అలా అని మీ కౌంటర్ మీద ట్యాలీయే ఉండాలని లేదు, బిల్లింగ్‌కి వేరేది పెట్టుకుని నెలాఖరుకి అందులోంచి ట్యాలీలోకి వెళ్ళే ఫైలు తీసినా సరిపోతుంది, వ్యాపార్, బిజీ, జోహో బుక్స్ ఏదైనా సరే ఆ ఫైలు మీ ఆడిటర్ దగ్గర నిజంగా ఎక్కిందా లేదా అన్నదే ముఖ్యం. "ఎగుమతి అవుద్ది సార్" అన్న మాట నమ్మకండి. డెమోలో వచ్చిన ఫైలు వాట్సాప్‌లో ఆడిటర్ ఆఫీసుకి పంపి అక్కడి కుర్రాణ్ణి ఎక్కించి చూడమనండి. రెగ్యులర్ అయితే జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల రిటర్న్ కోసం పోర్టల్‌లో ఎక్కించే జేసన్ ఫైలు కూడా అడగండి.

నాలుగోది: దాని ముందు ఎవరు కూర్చుంటారు?

మీరా, మీ ఆవిడా, టెన్త్ అయ్యి చేరిన కుర్రాడా? మౌస్ పట్టుకుని ఆరు చోట్ల నొక్కితే గానీ బిల్లు అవదంటే సాయంత్రం రష్‌లో చచ్చామే. కీబోర్డ్ మీదే బిల్లు మొత్తం అవ్వాలి. మేమైతే స్టాప్‌వాచ్ పెట్టి చూశాం, పది ఐటమ్స్ బిల్లు మా కుర్రాడు కొట్టాలి, డెమోకి వచ్చినాయన కాదు. ఆయనకి వేళ్ళు అలవాటైపోయి ఉంటాయి, ఆయన కొడితే ఏదైనా చకచకా అయిపోయినట్టే ఉంటుంది.

తెలుగు సంగతి. స్క్రీన్ మీద తెలుగు రావడం ఒకటి, బిల్లు మీద తెలుగు రావడం ఇంకోటి. చిన్న థర్మల్ ప్రింటర్ల మెమరీలో మామూలుగా తెలుగు ఫాంటు ఉండదు, సాఫ్ట్‌వేర్ అక్షరాలు పంపిస్తే ప్రశ్నార్థకాలో డబ్బాలో వస్తాయి. బిల్లుని బొమ్మలాగా తయారుచేసి పంపించగలిగిన సాఫ్ట్‌వేర్ అయితేనే తెలుగు వస్తుంది, ప్రింటు కాస్త నెమ్మదిస్తుంది అంతే. పరీక్షకి ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, మన షాపుల పేర్లు సగం శ్రీ లక్ష్మితోనేగా మొదలవుతాయి, "శ్రీ లక్ష్మీ" అని, కింద "జీలకర్ర", "పుట్నాల పప్పు" అని కొట్టించి ప్రింటు తియ్యండి. ఒత్తులు పక్కకి జారి విడివిడిగా పడ్డాయా, అది వద్దు. కొనేవాళ్ళలో ఇంగ్లీషు చదవలేనివాళ్ళు బోలెడుమంది, వాళ్ళు ఇంటికెళ్ళి చీటీ చూసుకునేది తెలుగులోనే, మా బాబాయి దీనికి పట్టుబట్టాడు, మొదట్లో నాకు చాదస్తం అనిపించింది గానీ బిల్లు మీద తగాదాలు నిజంగానే తగ్గాయి.

ప్రింటర్ సైజు కూడా అప్పుడే తేల్చుకోండి. రెండంగుళాల రోల్, అంటే 58 మిల్లీమీటర్లది, మామూలు ఇంగ్లీషు అక్షరాలు లైనుకి 32 పడతాయి, మూడంగుళాలది, 80 మిల్లీమీటర్లది, 48 పడతాయి. ఎమ్మార్పీ, మన రేటు, ఎంత మిగిలిందో మూడూ చూపించాలంటే రెండంగుళాలు ఇరుకు. థర్మల్ కాగితం కొన్నాళ్ళకి వెలిసిపోతుంది, అందుకని వారంటీ ఉన్న సామాన్లు అమ్మే షాపులు మామూలు ఏ5 బిల్లు కూడా తియ్యగలగాలి.

కాటా కూడా కలపాలనుకుంటే, లేబుల్ కొట్టే కాటాల్లో 2తో మొదలయ్యే బార్‌కోడ్ వస్తుంది, అందులోనే ఐటమ్ నంబరు, బరువు ఇరికించి ఉంటాయి. దాన్ని విడగొట్టి చదవడం సాఫ్ట్‌వేర్‌కి రావాలి. మీ కాటా లేబుల్ ఒకటి అంటించుకొచ్చి స్కాన్ చేయించండి, అయిపోద్ది.

ఐదోది: కంప్యూటరు, కరెంటు, నెట్

ఇంట్లో పిల్లలు వాడి పడేసిన కంప్యూటర్ షాపులో పెడదాం అనుకుంటాం. అందులో విండోస్ 10 ఉంటే 2025 అక్టోబర్ 14తో దాని మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే 4 జీబీ ర్యామ్ ఒక్కటే చాలదు, టీపీఎమ్ 2.0 అనే చిప్ కూడా ఉండాలి, బాగా పాత మిషన్లలో అది ఉండదు. అంటే సాఫ్ట్‌వేర్ రేటుకి కంప్యూటర్ రేటు కూడా కలిపి చూసుకోండి.

ఆన్‌లైన్‌దా ఆఫ్‌లైన్‌దా అన్న దాని మీద జనం కొట్టుకుంటారు గానీ అడగాల్సింది ఒక్కటే, నెట్ పోయినప్పుడు బిల్లు అవుద్దా అవ్వదా. డెమో మధ్యలో వైఫై ఆపేయండి, ఫోన్ హాట్‌స్పాట్ కూడా ఆపేయండి, చూడండి ఏమవుతుందో. కొన్ని ఆగిపోతాయి, కొన్ని బిల్లు కొడుతూనే ఉండి నెట్ వచ్చాక పైకి పంపుతాయి. బిల్లు సగంలో ఉండగా ప్లగ్ కూడా పీకి చూడాలి అంటా నేను, మన ఊళ్ళలో కరెంటు చెప్పి పోదు కదా, యూపీఎస్ ఉన్నా బ్యాటరీ ఎప్పుడో ఒకప్పుడు చస్తుంది. మళ్ళీ ఆన్ చేస్తే ఆ సగం బిల్లు ఉందా, డేటా పాడైందని ఏదైనా మెసేజ్ వచ్చిందా చూడండి. ఇది వాళ్ళ డెమో కంప్యూటర్ మీద చేస్తే ఒప్పుకోరు లెండి, ట్రయల్ మీ కంప్యూటర్‌లో వేసుకుని చెయ్యండి. చాలావాటికి ట్రయల్ ఉంటుంది, ట్యాలీకైతే ఎడ్యుకేషనల్ మోడ్ ఉంది, అందులో కొన్ని తేదీల్లోనే ఎంట్రీలు పడతాయి గానీ చూసుకోవడానికి చాలు.

ఆరోది: బయటికి వచ్చే దారి

బాబాయి కథ ఇక్కడే. మొదటిసారి ఊళ్ళో ఒకాయన సొంతంగా రాసిన సాఫ్ట్‌వేర్ ఆరు వేలకి తీసుకున్నాం. మంచివాడే, మాకు కావాల్సినట్టు మార్చి ఇచ్చేవాడు, అరువు ఖాతాల పేజీ అయితే ఎంత బాగుండేదో, ఎవరు ఎంత, ఎన్నాళ్ళ నుంచి, అన్నీ ఒక్క చోటే. నాలుగో ఏడు ఆ కంప్యూటర్ చెడిపోయింది. రిపేరుకి ఇస్తే మదర్‌బోర్డ్ మార్చారు, హార్డ్ డిస్క్ బతికే ఉంది, డేటా అంతా ఉంది, కానీ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఇది వేరే కంప్యూటర్, కొత్త కీ కావాలి అంటుంది. ఆయన ఫోన్ పనిచెయ్యట్లేదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడన్నారు. డేటాబేస్‌కి పాస్‌వర్డ్, అది ఆయనకే తెలుసు. ఎలాగో రిపేరువాళ్ళు తీసేసిన మా పాత బోర్డునే వెతికి పట్టుకుని, దాన్ని రెండు గంటలు పనిచేసేలా చేస్తే, అరువు ఖాతా పేజీలు ఒక్కొక్కటీ ఫోన్‌తో ఫోటోలు తీసుకుని మూడు ఆదివారాలు నేనూ మా పిన్నీ కూర్చుని పుస్తకంలో ఎక్కించాం. కొన్ని ఫోటోలు మసగ్గా వచ్చాయి, ఆ బాకీలు పోయినట్టే.

ఆయన మోసగాడు కాదు. అడగాల్సింది మేము అడగలేదు, అంతే. కొనే రోజునే అడగాలి, వదిలెయ్యాలంటే నా డేటా నాకెలా వస్తుంది అని. పెద్ద కంపెనీ అయినా ఇదే ప్రశ్న. డెమోలోనే మూడు ఫైళ్ళు ఎక్సెల్‌లోకి తీయించండి: ఐటమ్స్ లిస్టు, ఎవరి బాకీ ఎంతో ఆ లిస్టు, బిల్లులన్నీ ఐటమ్ వారీగా. బిల్లుల మొత్తాలు మాత్రమే వచ్చి లోపలి ఐటమ్స్ రాకపోతే అది సగం తలుపే. జీఎస్టీ ఉన్నవాళ్ళు లెక్కలు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి, అంటే మీరు సాఫ్ట్‌వేర్ మార్చేసినా పాతవి చూడగలగాలి.

అలాగే చందా అయిపోతే ఏమవుతుందో అడగండి. కొత్త బిల్లులు ఆగిపోతే సరే, పాత బిల్లులు కూడా కనపడవంటే అది మీ లెక్కల పుస్తకం వాళ్ళ బీరువాలో పెట్టి తాళం వాళ్ళకిచ్చినట్టే.

బ్యాకప్ మాట కూడా. షాపు మూసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంకోటి గూగుల్ డ్రైవ్ లాంటి చోట. పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కే గుచ్చి వదిలేసి వెళ్ళకండి, ఇంటికి తీసుకెళ్ళండి. నెలకోసారి ఆ బ్యాకప్ వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి, తెరవని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

ఏడోది: రేటు

చెప్పిన రేటు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, రెగ్యులర్ వాళ్ళకి ఇన్‌పుట్ వస్తుంది, అంటే ఆ ట్యాక్స్ తాము కట్టేదాంట్లో తగ్గించుకోవచ్చు, కాంపోజిషన్ వాళ్ళకి రాదు, అది ఖర్చే. రెండో ఏడు రెన్యువల్ ఎంత? రెండో కంప్యూటర్‌కి ఎంత? ఫోన్‌లో చూసుకోడానికి విడిగా కట్టాలా? వాట్సాప్‌లో బిల్లు పంపడానికి? మనిషి షాపుకి వస్తే ఎంత, ఫోన్‌లో చెప్తే ఎంత? అన్నీ కాగితం మీద రాసి ఐదేళ్ళకి కూడండి. చవగ్గా కనపడిన చందా ఐదేళ్ళకి ఒకేసారి కొన్నదాన్ని దాటేస్తుంది ఒక్కోసారి, ఒక్కోసారి తిరగబడుతుంది, కూడితేనే తెలుస్తుంది. "లైఫ్‌టైమ్" అని చెప్తే ఎవరి లైఫో అడగండి, మీదా, కంప్యూటర్‌దా, ఆ వెర్షన్‌దా. కొత్త జీఎస్టీ మార్పులు అందులో వస్తాయా రావా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

ఈఆర్‌పీనెక్స్ట్ లాంటి ఓపెన్ సోర్స్‌వి కూడా ఉన్నాయి, అది ముంబయిలో పుట్టిందే. లైసెన్స్‌కి డబ్బు కట్టక్కర్లేదు గానీ పెట్టి నడపడానికి తెలిసిన మనిషి కావాలి, నాలుగు బ్రాంచీలు, గోడౌన్ ఉన్నవాళ్ళు ఆలోచించొచ్చు, ఒంటి కౌంటర్ షాపుకి అది ఎక్కువే.

క్రాక్ గురించి రెండు ముక్కలు. "ఐదొందలకి వేసిస్తా అన్నా" అనే కుర్రాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. దొంగ కాపీ అని తెలిసి కూడా వాడితే కాపీరైట్ చట్టం 63బి కింద వారం నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అని ఉంది. అది అలా ఉంచినా, క్రాక్ వెయ్యాలంటే ముందు యాంటీవైరస్ ఆపెయ్యమంటాడు చూడండి, అక్కడే ఆగిపోవాలి మనం. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రాలో పోలీసుల కంప్యూటర్లే కొన్ని దానికి చిక్కాయి, అప్‌డేట్లు పడని మిషన్లని చూసి దూరే రకం అది. క్రాక్ వేసినవాడు అప్‌డేట్లు కూడా ఆపేసే వెళ్తాడు.

ఇక మార్చే రోజు

ఏప్రిల్ 1 మంచి ముహూర్తం, బిల్లు నంబర్లు కొత్త సిరీస్ ఎలాగూ మొదలవుతాయి. కుదరకపోతే ఏదో ఒక నెల ఒకటో తారీఖు. పండగ ముందు మాత్రం వద్దు, దసరా సంక్రాంతి సీజన్‌లో మారిస్తే కుర్రాడు పారిపోతాడు.

ఐటమ్స్ అన్నీ ఎక్కించాకే మొదలెడదాం అంటే ఎప్పటికీ మొదలవదు. రోజూ కదిలే మూడొందలు ముందు ఎక్కించండి, మిగతావి వచ్చినప్పుడల్లా. పేర్లు ఒకే పద్ధతిలో పెట్టండి, ముందు సరుకు, తర్వాత కంపెనీ, తర్వాత బరువు. మేము ఒకడు "కందిపప్పు 1 కేజీ" అని, ఇంకొకడు "1 కేజీ కందిపప్పు" అని ఎక్కించి స్టాకు రెండు చోట్ల చూపిస్తుంటే వారం తల పట్టుకున్నాం.

రెండు వారాలు మధ్యాహ్నం ఖాళీ టైములో మాత్రం కొత్తదాంట్లో ఉత్తుత్తి బిల్లులు, మిగతా రోజంతా పాత పద్ధతే. ఆ ఉత్తుత్తి బిల్లులు సాఫ్ట్‌వేర్‌లో ట్రయల్ కోసం విడిగా తెరిచిన లెక్కల్లో కొట్టండి, అసలు దాంట్లో కొడితే తర్వాత తుడవడం ఒక పని, జీఎస్టీలో పడితే ఇంకో పని. అరువు ఖాతాల బాకీలు ఎక్కించాక లిస్టు ప్రింటు తీసి పుస్తకంతో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకోండి, కింద మొత్తం కలిసినంత మాత్రాన వదిలెయ్యకండి, ఇద్దరి బాకీలు అటూ ఇటూ అయినా మొత్తం కలుస్తుంది.

పాస్‌వర్డ్‌లు మీదొకటి, కౌంటర్ కుర్రాడిదొకటి. బిల్లు తీసెయ్యడం, రేటు మార్చడం, పాత తారీఖు వెయ్యడం మీ పాస్‌వర్డ్‌తోనే అవ్వాలి, మార్చిన ప్రతిదానికీ ఎవరు ఎప్పుడు మార్చారో రికార్డు ఉండాలి. కంపెనీగా రిజిస్టర్ అయినవాళ్ళకి 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ రికార్డు ఆపలేని సాఫ్ట్‌వేరే వాడాలని రూలు, సొంత షాపు వాళ్ళకి ఆ రూలు లేదు గానీ ఆ సౌకర్యం ఉంటే ఆన్ చేసుకోండి. పాస్‌వర్డ్ మానిటర్ కింద స్టిక్కర్ మీద రాసి అంటించకండి, మా బాబాయి అదే చేశాడు, నేను పీకేస్తే ఇప్పుడు క్యాలెండర్ వెనక రాసుకున్నాడు.